పెట్టె తడితే పలకాలి

ఆర్డిస్ థోర్సన్ మంచు కురిసే రోజుల్లో చేతుల్లేని గౌను వేసుకుని పోస్టు పంచేది. నవ్వకండి. మేమంతా కోటు మీద కోటు తొడుక్కుని ఇంటిముందు ఉత్తరాల డబ్బా దగ్గర వణుకుతూ నిలబడితే, ఈవిడ కారద్దం దించి, చెమటలు కారే మొహంతో, బోసి చెయ్యి బయటికి చాపి "ఇంద, నీ పత్రిక" అనేది. కారులోంచి పొయ్యి మూత తీసినట్టు వేడి గుప్పున మొహాన కొట్టేది. అంతటితో అందరికీ తెలిసిపోయేది, ఇవాళ బండిలో కోడిపిల్లలున్నాయని.

అయోవా రాష్ట్రంలో ఉత్తరపు కొసన ఉన్న మా నోర్డ్‌బీలో వసంతం వచ్చిందని పువ్వులు చూసి ఎవరూ అనుకోరు. పోస్టాఫీసులో కిచకిచలు వినపడితే వచ్చిందన్నమాట. హేచరీలో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్లల్ని ఆ రోజే అట్టపెట్టెల్లో సర్ది పోస్టులో వేస్తారు. పచ్చసొన ఆఖరి ముద్ద ఇంకా వాటి కడుపులోనే ఉంటుంది. అది అరిగేదాకా తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతాయి. వెచ్చదనం లేకపోతే మాత్రం గంట బతకవు. ఆ వెచ్చదనం ఒకదాన్నొకటి ఒరుసుకుని తెచ్చుకుంటాయి. అందుకే చలి రోజుల్లో హేచరీ వాళ్లు అడిగిన పెట్టలతో పాటు ఎవరికీ అక్కర్లేని పుంజు పిల్లల్ని గుప్పెడు ఊరికే వేసి పెట్టె ఇరుకు చేస్తారు. వాటిని ఆర్డిస్ 'కుంపటి పుంజులు' అనేది. దారిలో కుంపట్లు, ఊరు చేరాక కూరకి.

ఆర్డిస్ పొలాల్లోనే పుట్టింది. చిన్నప్పుడు వాళ్లింట్లో కోడిపిల్లల కొట్టం చూసుకోవడం ఆమె పని. ఒక వసంతంలో ఎవరో కొట్టం తలుపు సరిగా వెయ్యలేదు. రాత్రంతా ఆ సందులోంచి గాలి కొట్టింది. తెల్లారి వెళ్లి చూస్తే పిల్లలన్నీ ఒక మూల ఒకదానిమీద ఒకటి ఎక్కి గుట్టగా ఉన్నాయట. పైనున్నవి బతికాయి. కిందివి నలిగి, ఊపిరాడక పోయాయి. ఆ గుట్టని ఒక్కొక్కటిగా విప్పింది తనే. "గాలి చంపలేదే వాటిని, గాలికి భయపడి ఒకదాన్నొకటి చంపుకున్నాయి" అని చాలా ఏళ్ల తర్వాత నాతో అంది. అప్పట్నుంచీ సందుగాలి ఆమెకి బద్ధ శత్రువు.

పెళ్లయ్యాక మొగుడు ఆర్విల్ పొలానికి వచ్చింది. ట్రాక్టరు ఒరిగి ఆర్విల్ నడుం పోయాక, పోస్టల్ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. మా దగ్గర పల్లె పోస్టు సొంత కార్లోనే పంచాలి. స్టీరింగేమో ఎడమవైపు, డబ్బాలేమో రోడ్డుకి కుడివైపు. కాబట్టి కుడి సీట్లో కూర్చుని, ఎడం చెయ్యి చాపి స్టీరింగు పట్టుకుని, ఎడం కాలు చాపి బ్రేకు తొక్కుతూ, కుడిచేత్తో ఉత్తరాలు వెయ్యాలి. కొత్తవాళ్లు చూస్తే డ్రైవరు లేని బండి వస్తోందని హడలిపోతారు. ఆర్డిస్ అలా ఇరవయ్యేళ్ల పైన నడిపింది.

మిగతా ఊళ్లలో కోడిపిల్లలు వస్తే పోస్టాఫీసు వాళ్లు ఫోన్ చేసి, వచ్చి పట్టుకుపొమ్మంటారు. ఆర్డిస్ ఒప్పుకునేది కాదు. తన దారిలో ఇళ్లకి తనే చేర్చేది. దానికో పద్ధతి పెట్టుకుంది. వెనక అద్దాల అంచులన్నీ లోపల్నుంచి టేపుతో మూసేసేది. తలుపుల కింద గుడ్డలు కుక్కేది. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య పాత బొంత ఒకటి తెరలా కట్టేది, డబ్బా డబ్బాకీ తను దించే అద్దంలోంచి చలి వెనక్కి పోకుండా. బండెక్కించే ముందు ప్రతి పెట్టెనీ వేలి కణుపుతో రెండుసార్లు తట్టేది. లోపల గలాభా రేగాలి, కిచకిచమనాలి. "తడితే పలకాలి. పలకని పెట్టె నా బండెక్కదు" అనేది. కాసేపయ్యాక వేడి పట్టి ఆ కిచకిచలు సద్దుమణిగి, పిల్లలు గొణుక్కుంటూ ఊరుకునేవి. ఆ సద్దుమణగడం ఆమెకి పెద్ద గర్వం. "చూశావా? నా బండిలో పిల్లలు ఏడవవు."

నా సంగతి చెప్పాలి. నా పేరు లావోన్. ఆర్డిస్‌కి ఒంట్లో బాగాలేనప్పుడు పోస్టు పంచడానికి పెట్టుకున్న మనిషిని. అప్పటికి నలభై దాటిన సంసారిని, పుట్టు పిరికిదాన్ని. పిల్లి అడ్డొచ్చినా బ్రేకు తొక్కుతాను. మంచులో బండి నడపడమంటే నాకు గుండె నోట్లోకొస్తుంది. ఆ భయం వదిలించడానికే పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఒక ఏప్రిల్ రోజు ఆర్డిస్ నన్ను వెంటబెట్టుకెళ్లింది.

ఆ రోజు వద్దనే అన్నాడు మా పోస్టుమాస్టరు మెర్లిన్. రేడియోలో తుఫాను వస్తుందని చెబుతున్నారు. "రేపు పంచొచ్చులే ఆర్డిస్, పిల్లలు ఎక్కడికీ పారిపోవు" అన్నాడు.

"అవి దారిలోనే ఆలస్యమయ్యాయి. రేపటికి వాటి కడుపులో పచ్చసొన ఉండదు. నీ అన్నం డబ్బాలో శాండ్‌విచ్ తీసి వాటికి పెడతావా?" అంది ఆర్డిస్.

"పోనీ ఫోన్ చేస్తాను, ఎవరికి వాళ్లే వచ్చి..."

"టాంటే గుడ్రన్ కూడానా? ఎనభయ్యేళ్ల మనిషిని మంచులో నడిచి రమ్మంటావా? నువ్వే చెప్పు ఆవిడకి. నే వింటా."

మెర్లిన్ పెట్టెలు ఎత్తుకుని బండి దగ్గరికి నడిచాడు. టాంటే అంటే అత్త. గుడ్రన్ హల్వర్సన్ ఊరందరికీ అత్తే. ఆవిడ నోటికి మా పాస్టరు కూడా దడిచేవాడు. ఆ చలికాలంలో ఏదో జంతువు కొట్టంలో దూరి ఆవిడ కోళ్లన్నిటినీ చంపేసింది. మొగుడు పోయి, బిడ్డల్లేక, ఆ కోళ్లతోనే మాట్లాడుకుంటూ బతికే మనిషి. "వాకిట్లో చప్పుడు లేదే, పిచ్చెక్కిపోతోంది" అని చర్చిలో కాఫీ తాగుతూ నాతో, ఆర్డిస్‌తో అంది. ఆవిడ నోటినుంచి తిట్టు కానిది రావడం అదే మొదటిసారి. ఆర్డిస్ ఆ మాట మర్చిపోలేదు.

బయల్దేరాం. నన్ను వెనక సీట్లో, బొంత వెనకాల, పెట్టెల మధ్య కూర్చోబెట్టింది. నా పని వినడం. "గట్టిగా అరిస్తే చలేస్తున్నట్టు. నోళ్లు తెరిచి రొప్పితే ఉడికిపోతున్నట్టు. గొణుక్కుంటుంటే సుఖంగా ఉన్నట్టు. అంతే చదువు" అంది ముందునుంచి.

మొదటి ఇళ్లన్నీ సజావుగానే జరిగాయి. మధ్యాహ్నం దాటాక మంచు మొదలైంది. ముందు సన్నగా, పిండి జల్లించినట్టు. తర్వాత గాలి లేచింది. ఆ తర్వాత ఆకాశం, పొలం, రోడ్డు ఒకటే తెలుపు అయిపోయాయి. బొంత ఓరగా తీసి చూశాను. అద్దంలో ఏమీ లేదు. మూతి మీద దుప్పటి కప్పినట్టుంది నాకు.

"ఆర్డిస్, వెనక్కి పోదామే."

"వెనక్కి ఎటు? నీకేమైనా కనిపిస్తోందా, నాక్కూడా చెప్పు."

"నా పిల్లలు అనాథలైపోతారు."

"నీ మొహం. నీ పెద్దాడికి గడ్డాలొచ్చాయి. ఇంకొక్క ఇల్లే, టాంటేది. ఈ పెట్టెలు దింపేసి ఆవిడింట్లోనే కూర్చుని తిట్లు తిందాం."

ఆ మాట అంటుండగానే బండి ఎడమవైపు జారింది. ఏదో మెత్తటిదాన్ని గుద్దుకుని, ఒరిగి, ఆగింది. రోడ్డుపక్క కాలవలో పేరుకున్న మంచు అది. ఆర్డిస్ ముందుకీ వెనక్కీ లాగి చూసింది. చక్రాలు కేకలు పెట్టాయి, బండి కదల్లేదు. నేను చిన్నపిల్లలా ఏడుపు అందుకున్నాను. సిగ్గు లేదు నాకు, నిజంగా చచ్చిపోతామనే అనుకున్నాను. మా ఊళ్లో ఏటా ఎవరో ఒకరి బండి మంచు కరిగాక దొరుకుతుంది, లోపల మనుషులతో సహా.

ఆర్డిస్ మాత్రం కోటు తొడుక్కుని, కుడి తలుపు గట్టిగా తోసుకుని బయటికి దిగింది. బండి వెనక్కెళ్లి పొగగొట్టం చుట్టూ మంచు చేతుల్తో తవ్వి వచ్చింది. అది మా దగ్గర పసివాళ్లకి కూడా తెలుసు. గొట్టం మూసుకుపోతే పొగ విషం లోపలికి వస్తుంది. రెండోసారి కూడా దిగి తవ్వింది. మూడోసారికి తలుపు తెరుచుకోలేదు. గాలి తెచ్చిన మంచు బయట నడుం ఎత్తున పేరుకుంది.

"పర్లేదు, శుభ్రంగా తవ్వాను. కాసేపాగి అద్దంలోంచి దూరి వెళ్తా" అంటూ బొంత తీసి సీటు మీంచి దొర్లుకుంటూ వెనక్కి వచ్చి నా పక్కన పడింది. చేతులు ఎర్రగా కమిలిపోయాయి. ఇంజను నడుస్తోంది, హీటరు బుస్సుమంటోంది. డబ్బాలకి పంచే పని ఇక లేదు కదా, ముందు కుడి అద్దం సందులో కూడా తువాలు కుక్కే వచ్చింది. సందుగాలి దూరడానికి ఆ బండిలో సూదిమొన మోపేంత చోటు లేదు. మా ఊరి అలవాటు ప్రకారం గుడ్డు కొట్టి కాచిన కాఫీ ఫ్లాస్కులోంచి పోసిచ్చింది. పెట్టెల్లో పిల్లలు గొణుక్కుంటున్నాయి.

"ఈ పెట్టెల్లో కుంపటి పుంజులు బోలెడున్నాయి. టాంటే చూస్తే హేచరీ వాళ్ల వంశం మొత్తాన్ని తిడుతుంది" అంది.

"మనల్ని కూడా."

"మనల్ని ముందు. వాళ్లని తర్వాత."

నవ్వాం. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. వెచ్చగా ఉంది. మంచు అద్దాలన్నిటినీ కప్పేసి లోపల పాలరంగు వెలుతురు నిండింది. నాకు నుదురు బరువెక్కింది, కాఫీ తాగకపోతే వచ్చే తలనొప్పిలా. కాఫీ ఇప్పుడే తాగానుగా అని కూడా తోచలేదు. ఒళ్లు తేలిపోతున్నట్టుంది. అప్పుడు జరిగిందొకటి. నా భయం పోయింది. పుట్టినప్పట్నుంచీ నన్నంటిపెట్టుకునున్న భయం, ఎవరో కోటు విప్పి కొక్కేనికి తగిలించినట్టు, నన్ను వదిలి పోయింది. అంతటి పిరికిదాన్ని, తుఫాను నడిమధ్య చిరునవ్వుతో కూర్చున్నాను. నన్ను హెచ్చరించాల్సింది ఏదైనా ఉంటే అదే.

ఆర్డిస్ తల సీటుకి ఆనించి కళ్లు మూసుకుంది. చాలాసేపటికి, నాలుక మడతపడుతున్న గొంతుతో అడిగింది.

"లావోన్. ఒక్కటన్నా కూసిందా?"

"లేదు. హాయిగా పడుకున్నాయి."

"మంచిది" అంది. ఆమె బండిలో పిల్లలు ఏడవవు. ఆమె జీవితమంతా కోరుకున్న నిశ్శబ్దం అది. అది సుఖం అని తనే నాకు నేర్పింది. తనే నమ్మింది. ఆ నమ్మకంలోనే ఇంకో పావుగంట ఉండి ఉంటే ఈ కథ చెప్పడానికి నేనుండను.

"గొణుక్కోవడం లేదేమే?" అంది కళ్లు తెరవకుండా.

"నిద్దర్లో గొణుక్కుంటారా ఎవరైనా?" అని నేను పకపకా నవ్వాను. ఎందుకు నవ్వానో దేవుడికే తెలియాలి.

"కోడిపిల్లలు గొణుక్కుంటాయి. పెట్టె తట్టు."

తట్టాను. ఏమీ లేదు.

"మళ్లీ తట్టు. గట్టిగా."

తట్టాను. అట్ట చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆర్డిస్ కళ్లు తెరిచింది. పెట్టె మీదికి ఒరిగి మూత లాగింది. వేళ్లు పట్టు తప్పుతున్నాయి, మూడుసార్లు జారాయి. మూత లేచింది. పసుపు రంగు ముద్దలు. మెడలు చాపేసి, ముక్కులు తెరిచి, ఒకదానిమీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. నిద్రపోయే పిల్ల తల కిందికి ఆనించి పడుకుంటుంది. మెడ అలా వెయ్యదు. అది నాకు తర్వాత తెలిసింది. ఆర్డిస్‌కి ఆ క్షణమే తెలిసింది.

"గొట్టం" అంది. ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత ఆమె ముఖంలో నేను చూసింది ఆమెని ఎరిగిన ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనిది. ఆర్డిస్ భయపడింది. లేవబోతే కాళ్లు లేవలేదు. సీటు మీంచి ముందుకి పాకుతూ, పడుతూ, బొంతని పట్టుకు పీకి, ముందుగా తాళం తిప్పి ఇంజను ఆపింది. కుడి అద్దం సందులో తువాలు లాగింది. తను కుక్కిన తువాలే. రాలేదు. పళ్లతో పట్టి లాగింది. అద్దం తిప్పే పిడి పట్టుకుంటే చెయ్యి జారిపోతోంది. "లావోన్, రా! లావోన్, రావే!" అని అరుస్తోంది. నాకు వినపడుతోంది, కదలాలని మాత్రం తోచడం లేదు. అంతటి ఘోరమైన సుఖం ఇంకోటి లేదు. ఆమె వెనక్కి తిరిగి, వేలి కణుపుతో నా నుదుటి మీద ఠప్పుఠప్పున కొట్టింది.

"పలుకు!"

"ఆ" అన్నాను.

"పలికావుగా, లే!"

ఇద్దరం కలిసి ఆ పిడి తిప్పాం. అద్దం రెండు వేళ్ల మందం దిగింది. మంచు, దానివెనకాల గాలి, కత్తిలా లోపలికొచ్చాయి. మూతి ఆ సందుకి ఆనించి పీల్చాం. నాకు వాంతి వచ్చింది. వాంతితో పాటు నా భయం కూడా తిరిగొచ్చింది, వడ్డీతో సహా. ఇప్పుడు ఇంజను వేస్తే విషం, వెయ్యకపోతే చలి. తలుపులు బిగుసుకుపోయాయి. కాళ్లు నిలవనివాళ్లం, అద్దంలోంచి దూరి దిగినా ఎక్కడికని పోతాం? చేతి దూరంలో ఏముందో కనపడదు.

ఆర్డిస్ పెట్టెలు ముందుకి లాగి, పిల్లల్ని పిడికిళ్లతో తీసి అద్దం దగ్గర గాలికి పట్టింది. కొన్ని అలాగే వేలాడాయి. కొన్ని ముక్కులు కదిపాయి. ఒకటి తల ఎత్తింది. ఎత్తినవాటిని ఎత్తినట్టే నా కోటులో, తన గౌనులో వేసుకుంది. పోయినవాటిని ఒక పెట్టెలో పెట్టి మూత వేసింది. దాని మీద చెయ్యి ఉంచి కాసేపు అలాగే ఉండిపోయింది.

బతికినవాటికి ఊపిరి వచ్చింది, ఊపిరితో చలి తెలిసింది, చలితో అరుపులు మొదలయ్యాయి. మా రొమ్ముల మీద, చంకల్లో, మెడ దగ్గర అన్నీ ఒక్కసారి కీచుమని అరవసాగాయి. చెవుల్లో మేకులు కొట్టినట్టుంది.

"అద్దం ఎత్తెయ్ ఆర్డిస్. ఇంజను ఆపేశావుగా. గడ్డకట్టి చస్తాం. వీటి అరుపు వినలేను."

"అరవనీ" అంది. "అరుస్తున్నంతసేపూ ఉన్నట్టే."

అద్దం అలాగే ఉంచింది. సందుగాలి అన్న మాట వింటేనే చీపురు తిరగేసే మనిషి, ఆ సందు పక్కనే మొహం పెట్టుకుని కూర్చుంది. వెలుతురు పాలరంగు నుంచి బూడిదరంగుకి మారింది. పాదాలు నావి కావన్నట్టయిపోయాయి. నేను కునుకు తీస్తే చాలు, నుదుటి మీద కణుపుతో కొట్టేది. "పలుకు." పలికేదాన్ని. తన తల వాలితే నేను తట్టేదాన్ని. పలికేది. ప్రార్థన మొదలుపెడితే మధ్యలో మాటలు మర్చిపోయాం. ఆర్విల్‌కి వేడి కూర పొయ్యిలో పెట్టొచ్చానని, అది మాడిపోతుందని ఆర్డిస్ ఏడ్చింది. చావుకి కాదు, కూరకి ఏడ్చింది.

గాలి ఒక్కసారి ఆగింది. తుఫాను మధ్యలో ఒక్కోసారి అలా ఆగుతుంది. ఆ ఆగిన కాసేపు లోకంలో కోడిపిల్లల కీచు అరుపులు తప్ప ఇంకో చప్పుడు లేదు. అప్పుడు అద్దం బయట ఏదో నల్లగా కదిలింది. ఉన్ని చేతితొడుగు ఒకటి మంచు గీకింది. దాని వెనకాల, కనుబొమల మీద మంచు పేరుకున్న ముసలి మొహం.

"నా పిల్లల్ని చలిలో పెట్టి కిటికీ తీసుక్కూర్చున్నారేమే? బుద్ధుందా మీకిద్దరికీ?"

టాంటే గుడ్రన్. నడుముకి బట్టలారేసే తాడు కట్టుకుని, రెండో కొస తన కంచె గుంజకి ముడేసి, ముళ్లతీగ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. మేం కూరుకుపోయింది ఆవిడ ఉత్తరాల డబ్బాకి నాలుగు అడుగుల్లోనే. పిల్లలు ఇవాళ వస్తాయని మెర్లిన్ ఫోన్లో చెప్పాడట. రాకపోయేసరికి మెర్లిన్‌ని తిట్టడానికి మళ్లీ ఫోన్ చేస్తే లైను లేదట. డబ్బాదాకా వచ్చి చూసి వెనక్కి తిరగబోతుంటే గాలి ఆగి, పిల్లల అరుపు చెవిన పడిందట.

ఆవిడ పార తెచ్చి తలుపు దగ్గర మంచు తవ్వింది. ఎనభయ్యేళ్ల మనిషి. ఆ తాడుకి మమ్మల్నిద్దర్నీ గుచ్చి, గౌన్లలో కోడిపిల్లలు అరుస్తుండగా, లాక్కుంటూ తన వంటింటికి తీసుకెళ్లింది. పొయ్యి తలుపు తెరిచి, మాంసం కాల్చే పళ్లెంలో గుడ్డ పరిచి, పిల్లల్ని అందులో వేసింది. ఒక్కోదాని ముక్కు వేలితో తీపినీళ్లలో ముంచింది. ముంచుతూ, ముంచుతూ ఆగింది.

"పుంజులే ఎక్కువున్నట్టున్నాయే ఇందులో" అంది.

ఆర్డిస్ పోయినవాటి పెట్టె ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుంది. బండిలోంచి దిగేటప్పుడు దాన్ని వదల్లేదు. "నేనే చంపాను టాంటే. గాలి రాకూడదని మూశాను" అంది.

గుడ్రన్ ఆమెని ఎగాదిగా చూసింది. తిడుతుందని నేను కళ్లు మూసుకున్నాను. "ఊఫ్ దా" అని మాత్రం నిట్టూర్చి, పెట్టె తీసుకుని వాకిట్లో పెట్టి వచ్చి, ఆర్డిస్ చేతిలో కాఫీ కప్పు పెట్టింది. ఆ ఏడాది గుడ్రన్ ఒక్క పుంజుని కూడా కొయ్యలేదు. వేసవంతా ఆ వాకిలి పుంజుల యుద్ధభూమి. తెల్లవారకముందే కూతలు మైలు దూరం వినపడేవి. చర్చికి వచ్చిన ప్రతివాళ్లకీ వాటి మీద ఫిర్యాదు చేసేది. కొయ్యొచ్చుగా టాంటే అంటే, నీ పని చూసుకో అనేది.

ఆర్డిస్ ఉద్యోగం మానలేదు. కోడిపిల్లల్ని చేర్చడమూ మానలేదు. చేతుల్లేని గౌను మాత్రం మళ్లీ వెయ్యలేదు. కోటు, టోపీ, చేతితొడుగులు వేసుకుని, హీటరు పెట్టుకుని, అద్దం రెండు వేళ్ల మందం దించుకుని నడిపేది. వెనక పెట్టెలు కొద్దిగా గోల చేస్తుండేవి. గోల ఆగితే బండి ఆపి, దిగి, ఒక్కో పెట్టెనీ తట్టేది. ఒకప్పుడు ఆమెకి భయమంటే తెలీదని ఊరంతా అనుకునేవాళ్లం. ఆ తర్వాత భయం తెలిసిన మనిషి ఎలా ఉంటుందో ఆమెని చూసి తెలుసుకున్నాం. ఆర్విల్ ఒకసారి మా ఆయనతో మొత్తుకున్నాడు. "చలికాలం కూడా పడగ్గది కిటికీ తెరిచే ఉంచుతుందయ్యా. నేను గురక ఆపితే చాలు, కణుపుతో నుదుట కొడుతుంది. ఆ అంటేనే నిద్రపోనిస్తుంది. లేదా మోచేత్తో పొడుస్తుంది." మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయనక్కూడా తెలీదు, రాత్రిళ్లు నేను ఆయన ఊపిరి వింటూ మేలుకునుంటానని.

ఆర్విల్ పోయాడు. గుడ్రన్ అంతకుముందే పోయింది. ఆర్డిస్‌కి వయసు మీదపడి, చెవులు మందగించి, పోస్టు పంచే పని నాకు వదిలేసింది. అయినా ప్రతి ఏప్రిల్‌లో కర్ర పట్టుకుని పోస్టాఫీసుకి వచ్చేది. పెట్టెలు నా బండెక్కే ముందు తట్టేది. కిచకిచలు వినపడక, అరచెయ్యి మూత మీద ఆనించి చూసేది. "కదుల్తున్నాయి" అని తల ఊపితేనే నేను బయల్దేరాలి. ఆ పని నేనే చేసుకోగలనని ఎన్నడూ అనలేదు.

మొన్నటి ఏప్రిల్‌లో రాలేదు. పోస్టు పంచడం ముగించుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె కూతురు జెనీన్ తలుపు తీసింది. వారం నుంచీ మంచం దిగడం లేదని, డాక్టరు గుండె అలిసిపోయిందన్నాడని చెప్పింది.

"ఇప్పుడు లేపకండి లావోన్. హాయిగా పడుకుంది" అంది.

ఆ రోజు బండిలో నేనన్న మాటే అది. ఆ పిల్లకేం తెలుసు, పాపం. మంచిగానే చెప్పింది. నేను ఆమెని తప్పించుకుని గదిలోకి వెళ్లాను. మధ్యాహ్నపు ఎండ, మూసిన కిటికీ, గొంతుదాకా కప్పిన బొంత. ఆర్డిస్ మెడ ఒకవైపు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. బొంత కదులుతున్నట్టు లేదు. ఆ కారులో పాలరంగు వెలుతురు, ఆ ముద్దలు, ఆ మెడలు, అన్నీ నా కళ్లముందుకొచ్చాయి.

మంచం పట్టెని వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను. ఏమీ లేదు. వినపడదు కదా అని తోచి, నుదుటి మీద తట్టాను, ఆ రోజు తను నన్ను కొట్టినట్టే.

"అయ్యో, లావోన్!" అంది జెనీన్ వెనకాల్నుంచి.

మళ్లీ తట్టాను. బొంత కింద చెయ్యి కదిలింది. ఎముకలు తేలిన వేలొకటి బయటికొచ్చి, మంచం పట్టెని టకటకా కొట్టింది. కళ్లు తెరవకుండానే ఆర్డిస్ విసుక్కుంది.

"ఉన్నానే. ముందు ఆ కిటికీ తెరువు."